వడగళ్ళు కరిగాక వచ్చే సర్వే

సంపాదకులకు,

అయ్యా, మాది ఒడిశాలోని పర్లాకిమిడి. కెనడాలో ఉన్న మా మేనల్లుడు అక్కడి మంచు గోల చెబుతుంటే ఇన్నాళ్ళూ వింతగా వినేవాణ్ణి. ఇంట్లోని వేడికి కప్పు మీద మంచు కరిగి, చూరు దగ్గర మళ్ళీ గడ్డకడుతుందట. దాని వెనక నిలిచిన నీళ్ళు ఇంట్లోకి దిగుతాయట. మొన్న చైత్రంలో మా వీధిలో వడగళ్ళు పడ్డప్పుడు ఆ గోల నాకూ కొంత అర్థమైంది.

వాన పావుగంటే. మా పెంకుటింటికీ వెనక సిమెంటు రేకుల వసారాకీ మధ్య నీళ్ళు పోయే కాలవలో వడగళ్ళు పడ్డాయి. అవి రాల్చిన మామిడాకులూ పిందెలూ తోడై దిమ్మ కట్టేశాయి. తూము మూసుకుపోయింది. వాన వెలిసింది కదా అని ఊపిరి పీల్చుకునేసరికి, కరిగిన నీళ్ళు పెంకుల కిందకి ఎక్కి బియ్యం బస్తాల మీద కారడం మొదలెట్టాయి. రేకులు నాలుగు చిల్లులు పడ్డాయి.

నష్టం లెక్క రాసుకునే సర్వే మనిషి ఐదో రోజున వచ్చాడు. అన్నాళ్ళు కప్పు లేకుండా ఎవరుంటారు? అప్పు చేసి రేకులు మార్చేశాను. ‘గోడలు బాగానే ఉన్నాయి కదా’ అని రాసుకుని వెళ్ళిపోయాడు.

అతణ్ణి అని లాభం లేదు. విపత్తు సాయం నిబంధనల్లో తుపాను, వరదలతో పాటు వడగళ్ళ వానా ఉంది. కానీ 2022-26 కాలానికి ఇచ్చిన లెక్క ప్రకారం ఇల్లు కనీసం 15 శాతం దెబ్బతింటేనే పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000 రూపాయలు. గాలి గోడల్ని కూలుస్తుంది, వరద పునాదిని తినేస్తుంది. వడగళ్ళు పడేది కప్పు మీదే. గోడలు చూసి శాతం వేస్తే మాలాంటివాళ్ళకి ఎప్పటికీ సున్నాయే. వడగళ్ళకి కప్పునే విడిగా కొలవాలి. అదీ రెండు రోజుల్లోపు. లేదంటే వడగళ్ళు పడ్డ మర్నాడే మనం తీసిన ఫోటోలనైనా ఒప్పుకోవాలి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు ముందే తెలిసింది. వడగళ్ళకి గంటో రెండు గంటలో, అంతే. అందుకే తుపాను తర్వాత పంచే పాలిథిన్ పట్టాలు ఫాల్గుణం నుంచే ప్రతి వార్డులోనూ పెట్టి ఉంచాలి. ఇంకో టెన్షన్ పగిలిన రేకులు. చాలావాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము క్యాన్సర్ తెస్తుంది. మా వీధిలో వాటిని పొడిగానే రంపంతో కోసి కోళ్ళగూటికి వేశారు. కనీసం నీళ్ళతో తడిపి, కొయ్యకుండా తీయాలని చెప్పేవాళ్ళూ లేరు, పడేయడానికి చోటూ లేదు.

మీ పత్రికకీ ఒక మాట. మా ఇళ్ళలో టీవీ తెలుగుది, పేపరు తెలుగుది. పాతపట్నం మాకు కూతవేటు దూరమే, అందుకని శ్రీకాకుళం జిల్లా హెచ్చరికనే మాదిగా వింటాం. మా జిల్లాకి భువనేశ్వర్ వాతావరణ కేంద్రం ఇచ్చే హెచ్చరిక ఒడియాలో వస్తుంది, మా అమ్మకి అది అందదు. చైత్ర, వైశాఖాల్లో రోజూ నాలుగు లైన్లయినా గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల హెచ్చరికలు మీ జిల్లా పేజీలో వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా