రోగి పేరు ఊరంతా చాటాలా?

సంపాదకులకు నమస్కారం.

1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని సవరించాలని, లేదా కొత్త చట్టమే తేవాలని లా కమిషన్ 2024 ఫిబ్రవరిలో, తన 286వ నివేదికలో సిఫార్సు చేసింది. బొంబాయి ప్లేగు రోజుల్లో తెల్లదొరలు చేసుకున్న చట్టమది. అధికారులు ఏమేం చేయవచ్చో చెబుతుంది, సదుద్దేశంతో చేసిన పనికి వారిపై దావా కుదరదంటుంది. రోగి హక్కుల గురించి మాత్రం ఒక్క ముక్క లేదు.

నేను ఆరోగ్య శాఖలో పనిచేసి రిటైరయ్యాను. కరోనా మొదటి ఏడాది ఫీవర్ సర్వేకి ఇంటింటికీ తిరిగాను. పాజిటివ్ వచ్చిన ఇంటికి పోస్టర్ అంటించి, గేటుకి కర్రలు అడ్డం కట్టేవారు. ఆ ఇంటివాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు అప్పటికే వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుండేవి. లిస్టు ఎవరి దగ్గర్నుంచి బయటికొచ్చిందో ఎవరూ చెప్పరు. అది చూశాక పక్క వీధిలో జ్వరం ఉందని ఒప్పుకునేవాళ్లే కరువయ్యారు. లోపల దగ్గు వినబడుతూనే ఉండేది, గుమ్మంలోకి వచ్చినావిడ మాత్రం "అందరం బాగానే ఉన్నామమ్మా" అనేది. ఒకావిడ నా చేయి పట్టుకుని, "పిల్లకి సంబంధం కుదిరింది, ఇంటికి కాగితం అంటించకండమ్మా" అని బతిమాలింది. జ్వరం సంగతి తర్వాత, ముందు ఆవిడ టెన్షన్ అంతా ఆ కాగితం గురించే. ఇలా దాక్కుంటే వ్యాధిని పట్టుకునేదెలా?

విపత్తు నిర్వహణ చట్టం కింద అధికారం ఉన్నవారు ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప ఇళ్లకు పోస్టర్లు అంటించకూడదని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్ 9న చెప్పింది. తమ మార్గదర్శకాల్లో అలాంటిది లేనే లేదని కేంద్రం కోర్టుకు తెలిపింది. మరి అన్ని ఊళ్లలో ఎవరు చెబితే అంటించినట్టు? గోప్యత ప్రాథమిక హక్కేనని అదే కోర్టు 2017లో తీర్పిచ్చిందని కూడా గుర్తుచేయాలి.

మనకిది కొత్త సంగతీ కాదు. హెచ్‌ఐవీ ఉన్నవారి వివరాలు వారి అంగీకారం లేకుండా బయటపెట్టకూడదని, కొన్ని మినహాయింపులతో, 2017లోనే చట్టం చేసుకున్నాం. అంటువ్యాధుల చట్టంలోనూ అలాంటి సెక్షన్ పెట్టాలి. వైద్యం చేసేవారికి, కాంటాక్టులను వెతికే సిబ్బందికి చిరునామా కావాలి, కాదనను. ఆ లిస్టు ఎవరి చేతిలో ఉండాలో, ఎన్నాళ్లకు చెరిపేయాలో చట్టమే చెప్పాలి. బయటికి వదిలినవారికి "సదుద్దేశం" అనే రక్షణ వర్తించకూడదు.

– ఒక విశ్రాంత ఆరోగ్య కార్యకర్త