టపాస్ సాస్‌లో రంగు పొడి ఎందుకు, చపాటా మిర్చి ఉండగా?

సంపాదకులకు నమస్కారం,

హైదరాబాద్‌లో స్పానిష్ టపాస్, అంటే డ్రింకుతో పాటు తినే చిన్న చిన్న ప్లేట్లు, తిని వచ్చినవాళ్లు ఆ ప్లేట్లు వరంగల్‌లోనూ దొరకాలంటున్నారు. మా కోరిక కూడా అదే. కానీ వండే తీరు, వడ్డించే తీరు మారకుండా మెనూలో పేర్లు మాత్రం చేరిస్తే లాభం లేదు.

స్పెయిన్‌లో రాత్రి భోజనానికి తొమ్మిది, పది అవుతుంది. ఆలోపు ఒక గ్లాసు వైన్‌తో చిన్న ప్లేటేదో తిని ఇంకో బార్‌కు నడుస్తారు. గ్రనడాలో డ్రింకు కొంటే ప్లేటు ఉచితంగా ఇచ్చే ఆనవాయితీ ఉంది. బాస్క్ ప్రాంతంలో చాలా బార్లు రొట్టె ముక్కలకు గుచ్చిన పుల్లలను లెక్కపెట్టి బిల్లు వేస్తాయి. మన దగ్గర ఎనిమిది ఐటమ్స్ ఒకేసారి రాసుకొని, ఒకేసారి తెచ్చి పెడతారు. పావుగంటలో ఆలుగడ్డలు మెత్తబడతాయి, రొయ్యలు చల్లారిపోతాయి. నలుగురు కూర్చుంటే ముందుగా ఆలివ్‌లు, టమాట రుద్దిన కాల్చిన రొట్టె తెప్పించుకుంటే చాలు. అవి అయిపోవస్తుండగా వేడివి రెండేసి చొప్పున చెప్పాలి. మొత్తం ఆరేడు ప్లేట్లు సరిపోతాయి.

మా అసలు బాధ పటాటాస్ బ్రవాస్, అంటే కారం సాస్‌తో ఇచ్చే ఆలుగడ్డ వేపుడు గురించి. ఆలుగడ్డను అంగుళం ముక్కలుగా కోసి, 140 డిగ్రీల నూనెలో ఎనిమిది పది నిమిషాలు మెత్తగా ఉడకనివ్వాలి. తీసి చల్లారాక, తినేవాళ్లు కూర్చున్న తర్వాత 185 డిగ్రీల నూనెలో రెండు మూడు నిమిషాలు మళ్లీ వేయించాలి. ఒకే దఫాలో వేయిస్తే పైన మాడి లోపల గట్టిగా ఉంటుంది. మాడ్రిడ్ పద్ధతి సాస్‌కు ఆలివ్ నూనెలో ఉల్లిగడ్డ మగ్గించి, గిన్నె దించాక మిరపపొడి, చెంచా మైదా కలిపి, పావు లీటరు వేడి స్టాక్ (ఎముకలో కూరగాయలో ఉడికించి వడకట్టిన నీళ్లు) పోసి మళ్లీ పొయ్యి మీద చిక్కబరుస్తారు. కాగే నూనెలో వేసిన మిరపపొడి క్షణాల్లో మాడి చేదెక్కుతుంది, ఆపైన ఏం కలిపినా ఆ చేదు పోదు.

ఆ పొడి స్పెయిన్‌లో లా వేరా ప్రాంతపు పిమెంటోన్. మిరపకాయలను ఓక్ కట్టె పొగలో దాదాపు రెండు వారాలు ఎండబెట్టి దంచుతారు. అది దొరకలేదని కొన్ని వంటశాలల్లో మామూలు కారంలో ఎర్ర రంగు కలిపి కానిస్తున్నారు. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన చపాటా మిర్చి ఇక్కడే పండుతుండగా ఈ పని చేయడం అన్యాయం. టమాటలా గుండ్రంగా ఉండే ఆ కాయలో ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. ఈ సాస్‌కు కావలసింది అదే. తొడిమ, గింజలు తీసి దంచుకుంటే చాలు. పొగ వాసన ఒక్కటే రాదు. కావాలంటే ఎండుకాయలను కాసేపు కట్టె పొగ మీద ఉంచుకోవచ్చు. సాస్ ముక్కల మీద ముందే పోసి పెట్టకూడదు, కరకర పోతుంది.

వెల్లుల్లి రొయ్యలకు అల్లం వెల్లుల్లి ముద్ద వాడితే అది మన వేపుడే అవుతుంది. పావు కిలో రొయ్యలకు ఆరేడు వెల్లుల్లి రెబ్బలను పలుచగా తరిగి, చల్లని ఆలివ్ నూనెలోనే వేసి సన్నని మంట మీద వేడి చేయాలి. రెబ్బలు బంగారు రంగుకు తిరగగానే మంట పెంచి రొయ్యలు వేయాలి, రెండు మూడు నిమిషాలు చాలు. మనకు వచ్చేవి ఎక్కువగా ఐసు రొయ్యలే. రాత్రే ఫ్రిజ్‌లో కరగనిచ్చి, గుడ్డతో తడి అద్దకపోతే నీళ్లూరి వేగడానికి బదులు ఉడుకుతాయి.

సాంగ్రియాకు 750 మిల్లీలీటర్ల రెడ్ వైన్, 60 బ్రాందీ, ఒక నారింజ, ఒక ఆపిల్, రెండు చెంచాల చక్కెర. నాలుగు గంటలు ఫ్రిజ్‌లో నాననివ్వాలి. ఐసు, సోడా గ్లాసులోనే వేయాలి. జగ్గులో వేస్తే చివరి గ్లాసు వట్టి నీళ్లే. తియ్యగా ఉంది కదా అని ఎక్కువ తాగేస్తారు. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే బండి నడపడం నేరం కాబట్టి బండి తాళం ముందే తాగనివాళ్ల చేతికివ్వాలి.

హామోన్ అంటే పంది మాంసం. క్రొకేటాస్ అనే వేయించిన ఉండల్లోనూ తరచుగా అదే కలుపుతారు. మెనూలో ఆ మాట తెలుగులో, పేరు పక్కనే అచ్చు వేయాలని హోటల్ యజమానులను కోరుతున్నాం.

— వంటశాలల్లో పనిచేసే కొందరు మిత్రులం, హన్మకొండ