ట్యాప్ టెంపో స్విచ్‌పై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: ‘ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు అవుట్‌పుట్‌లు’ అని చెప్పి, నాలుగింటినీ ఒకే తీగకు కలిపిన స్విచ్‌ను అమ్మడం గురించి.

అయ్యా,

నేను విజయవాడలో పెళ్లిళ్లకు, సభలకు వాయించే ఆర్కెస్ట్రాలో గిటారిస్టును. పాట మారి లయ మారినప్పుడల్లా గిటార్ ధ్వనిని మార్చే డిలే, ట్రెమొలో, ఫేజర్ పెడళ్లను వంగి ఒక్కొక్కటిగా సరిచేసుకునే తీరిక వేదిక మీద ఉండదు. నిమిషానికి 120 దెబ్బల పాటలో దెబ్బకూ దెబ్బకూ మధ్య 500 మిల్లీసెకన్లు. కాలితో ఒక్క స్విచ్‌ను లయకు తగ్గట్టు నొక్కితే మూడు పెడళ్లూ ఆ వ్యవధిని అందుకోవాలి. మీ పరికరం కొన్నది అందుకే.

మూడూ వెలుగుతున్నంతసేపు పని జరుగుతోంది, కాకపోతే ఆంప్లిఫయర్‌లో హమ్ (గుయ్‌మనే మోత) మొదలవుతోంది. ట్రెమొలోకు కరెంటు తీసేస్తే మిగతా రెండూ ట్యాప్‌ను పట్టించుకోవడమే మానేస్తున్నాయి. ‘మీ పెడళ్లు, కేబుళ్లు సరిచూసుకోండి’ అని మీ సిబ్బంది జవాబిచ్చారు. అవే పెడళ్లు, అవే కేబుళ్లు నొక్కినంతసేపే పనిచేసే మామూలు మొమెంటరీ స్విచ్‌తో విడివిడిగా చక్కగా పనిచేస్తున్నాయి.

అడుగు మూత తీసి చూస్తే సంగతి తెలిసింది. నాలుగు జాక్‌ల టిప్‌లకూ (సిగ్నల్ కొనలకు) కలిపి ఒకే ఎర్ర తీగ టంకం వేసి ఉంది. స్లీవ్‌లను (గ్రౌండ్ వైపు భాగాలను) కలపడానికి తీగ కూడా అక్కర్లేకపోయింది: లోహపు జాక్‌లను అల్యూమినియం పెట్టెకే బిగించారు కనుక అవి పెట్టె ద్వారానే కలిసిపోయాయి. ఇక 9 వోల్టుల అడాప్టర్ తప్పనిసరి అన్నారే, ఆ కరెంటుతో లోపల వెలిగేది ఒక్క ఎల్ఈడీ. పేరు గొప్ప, ఊరు దిబ్బ!

ట్యాప్ జాక్ వెనుక పెడల్‌లోని మైక్రోకంట్రోలర్ (దాన్ని నడిపే చిప్) టిప్‌ను ఒక రెసిస్టర్ ద్వారా 3.3 లేదా 5 వోల్టుల దగ్గర నిలిపి ఉంచుతుంది. స్విచ్ నొక్కితే అది సున్నాకు పడుతుంది. టిప్‌లన్నీ కలిపేస్తే, ఆపేసిన పెడల్‌లోని రక్షణ డయోడ్ తీగ మొత్తాన్ని కిందికి లాగేస్తుంది. నా మల్టీమీటర్‌లో అప్పుడు కనిపించింది 0.6 వోల్టు. అంటే స్విచ్‌ను ఎవరో నొక్కి పట్టుకున్నారని మిగతా పెడళ్లు అనుకుంటున్నాయి. హమ్‌కు కారణం ఇంకా సులభం. గిటార్ కేబుళ్ల ద్వారా ఇప్పటికే ఉన్న గ్రౌండ్‌కు మీ పెట్టె రెండో దారి వేసింది. పెడల్‌కొక ఐసోలేటెడ్ (మిగతావాటితో విద్యుత్ సంబంధం లేని) పవర్ సప్లై పెట్టుకున్న నా ఖర్చు దానితో వృథా అయింది.

ప్రతి అవుట్‌పుట్‌కూ పోలారిటీ విడిగా మార్చుకోవచ్చని కూడా ప్రకటించారు. మామూలుగా తెరిచి ఉండే కాంటాక్టు కావాలనే పెడళ్లూ, మూసి ఉండాలనే పెడళ్లూ ఉన్నాయి. ఒకే తీగ మీద రెండూ ఎలా కుదురుతాయో మీ ఇంజనీర్లే చెప్పాలి.

ఇది తయారీలో జరిగిన పొరపాటు కాదు, డిజైన్‌ లోపం. అవుట్‌పుట్‌కొక ఆప్టోకప్లర్ (తీగ కలపకుండా కాంతితో సంకేతం పంపే భాగం) పెట్టి, దాని కలెక్టర్‌ను టిప్‌కు, ఎమిటర్‌ను స్లీవ్‌కు కలిపి, పెట్టెకు తగలని ప్లాస్టిక్ జాక్‌లు వాడితే సరిపోయేది. అవేమీ ఖరీదైన భాగాలు కావు.

మూత తీశాను కనుక వారంటీ చెల్లదని మీరు చెప్పడం మరీ విడ్డూరం. లోపాన్ని కప్పి ఉంచింది ఆ మూతే కదా! నేను ఏ తీగనూ కత్తిరించలేదు, ఏ టంకాన్నీ కదిలించలేదు.

నిజంగా ఐసోలేషన్ ఉన్న పరికరాన్ని పంపండి, లేదా రవాణా ఖర్చుతో సహా పూర్తి సొమ్ము వాపసు ఇవ్వండి. ప్రకటనలోని ఆ రెండు వాక్యాలనూ వెంటనే తొలగించండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తాను. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం నేను నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే కేసు వేయవచ్చన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది.

బిల్లు నకలు, లోపలి తీగల ఫోటోలు జతచేస్తున్నాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
విజయవాడ