ఫ్లైఓవర్ కింద పడుకునేవాళ్లను తరిమితే సరిపోతుందా?

సంపాదకుడు గారికి,

ఫ్లైఓవర్ల కింద, బస్టాండు చుట్టుపక్కల పడుకునేవాళ్లను వెంటనే ఖాళీ చేయించాలంటూ పోయిన వారం మీ సిటీ పేజీలో వార్త వేశారు. ఖాళీ చేయించి ఎక్కడికి పంపాలో మాత్రం అందులో ఒక్క ముక్క లేదు. దసరా వచ్చినా, పెద్ద నాయకులు వచ్చినా విజయవాడలో జరిగేది ఇదే. లేపి తరిమేస్తారు. హడావుడి అయిపోయాక వాళ్లు మళ్లీ అక్కడికే చేరతారు, ఇంకెక్కడికి పోతారు?

వాళ్లందరూ అడుక్కునేవాళ్లే అన్నట్టు రాయడం అన్యాయం. మా పేటలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ ఉంది. పేరు బయటపెట్టడం వాళ్లకు ఇష్టం లేదు కాబట్టి రాయడం లేదు. రాత్రిపూట వాళ్లతో కలిసి నేనూ తిరుగుతుంటాను. అక్కడ కనిపించేది పెళ్లిళ్లలో వడ్డించే క్యాటరింగ్ కుర్రాళ్లు, కాళేశ్వరరావు మార్కెట్లో మూటలు మోసే హమాలీలు, పెద్దాసుపత్రిలో మనిషిని చేర్చి లాడ్జీకి డబ్బుల్లేక బయట పడుకున్న పల్లెటూరివాళ్లు, కొడుకులు వెళ్లగొట్టిన ముసలివాళ్లు. మన ఇంటి పెళ్లిలో పులిహోర వడ్డించిన కుర్రాడే ఆ రాత్రి బెంజి సర్కిల్ దగ్గర అట్టముక్క పరుచుకుని పడుకుంటున్నాడు.

అన్నం పొట్లాలు పంచి ఫొటో దిగి వెళ్లేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. ఈ సంస్థవాళ్లు పక్కన కూర్చుని పేరు, ఊరు అడుగుతారు, ఆధార్ ఉందా అని అడుగుతారు. అసలు కష్టం అక్కడే ఉంది. నిద్రలో సంచీ ఎవరో ఎత్తుకుపోతే కార్డులన్నీ దాంతోపాటే పోతాయి. ఆధార్ లేనిదే బియ్యం కార్డు రాదు, ఆ కార్డు లేకపోతే నెలకు 4,000 రూపాయల పింఛను రాదు. వార్డు సచివాలయానికి వెళితే అడ్రస్ ఏదంటారు. ఇల్లే లేని మనిషి అడ్రస్ ఎక్కడినుంచి తెస్తాడు? వేలిముద్రలు అరిగిపోయిన ముసలివాళ్లను వీళ్లే చెయ్యి పట్టుకుని ఆధార్ కేంద్రానికి తీసుకెళతారు, పని అయ్యేదాకా వదలరు. కొడుకులు చూడకపోతే, తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ కోసం తెచ్చిన 2007 చట్టం కింద ఆర్డీవో ట్రిబ్యునల్‌కు అర్జీ రాసిస్తారు. ఆ చట్టమే జిల్లాకొక వృద్ధాశ్రమం, కనీసం 150 మందికి సరిపడేలా ఉండాలని చెప్పింది. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు పనీ సామానూ పోయి అద్దె కట్టలేని కుటుంబాల కోసం ఇంటి ఓనర్లను బతిమాలి గడువు తెచ్చారు. మనిషి రోడ్డున పడ్డాక లేపడం కన్నా పడకుండా ఆపడం మేలని వాళ్లకు తెలుసు. జీతాలు తీసుకునే అధికారులకు ఎందుకు తెలియదు?

నగరాల్లో ఇల్లు లేనివాళ్లు తలదాచుకోవడానికి లక్ష జనాభాకు ఒక షెల్టర్ ఉండాలని, అది ఏడాది పొడవునా 24 గంటలూ నడవాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. 2011 లెక్కల్లోనే విజయవాడ జనాభా 10 లక్షలు దాటింది, అంటే కనీసం పది షెల్టర్లు ఉండాలి. ఆ తర్వాత కేంద్రం పెట్టిన షెల్టర్ల పథకంలో మనిషికి 50 చదరపు అడుగులు ఇవ్వాలని, గుర్తింపు కార్డు, పింఛను, రేషన్ అందేలా చూడాలని కూడా రాశారు. ఏ షెల్టర్లో మంచం ఖాళీ ఉందో అడుగుదామని జ్వరంతో ఉన్న ఒక పెద్దాయన కోసం ఒక ఆఫీసుకు ఫోన్ చేశాను. ఇది మా సెక్షన్ కాదన్నారు. ఆ సెక్షన్ వాళ్లు మీటింగులో ఉన్నారన్నారు. ఏ పని మీద వెళ్లినా ఈ మధ్య ఇదే జవాబు, కుళాయి దగ్గర్నుంచి వీధి దీపం దాకా. ఫ్లైఓవర్ స్తంభాలకు రంగులు వేయడానికి మాత్రం ఏ సెక్షన్ అడ్డురాదు!

ఈ ఊరికి దయ లేదని నేను అనను. నవజీవన్ బాలభవన్ 1989 నుంచి దిక్కులేని పిల్లలను చేరదీస్తోంది. రైల్వేలో పనిచేసిన నాకు ప్లాట్‌ఫామ్ మీద పెరిగే పిల్లల బతుకు బాగా తెలుసు, అందుకే బాలభవన్ వాళ్లంటే గౌరవం. పెద్దవాళ్ల కోసం కూడా అలా కష్టపడుతున్నవాళ్లకు కాస్త ఆసరా ఇవ్వండి అంటున్నాను.

షెల్టర్ల అడ్రసులు, ఫోన్ నంబర్లు, ఆడవాళ్లకు వేరుగా ఉన్నది ఏదో తెలిసేలా బస్టాండులో, స్టేషన్లో, పెద్దాసుపత్రి గేటు దగ్గర తెలుగులో బోర్డులు పెట్టించాలి. మీరు కూడా ఆ జాబితా తెప్పించి అచ్చు వేయండి. నెలకోసారి షెల్టర్లోనే ఆధార్, బియ్యం కార్డు శిబిరం పెట్టాలి. దరఖాస్తులు నింపడానికి, మనుషులను తీసుకురావడానికి సంస్థవాళ్లు సిద్ధంగా ఉన్నారు. అధికారులు ఒక మిషన్, ఒక ఆపరేటరును పంపితే చాలు.

— రైల్వే విశ్రాంత ఉద్యోగి,
సత్యనారాయణపురం, విజయవాడ