పిల్లల దగ్గరికి ఒక్కసారి చలికాలంలో వెళ్ళండి

సంపాదకులు గారికి,

విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి పెద్దవాళ్ళు చలికాలంలో వెళ్ళకపోవడమే మంచిదని, నాలుగు గోడల మధ్య బందీలైపోతారని మీ పత్రికలో ఒకరు రాసిన ఉత్తరం చదివాను. నేనూ అలాగే భయపడి నాలుగేళ్ళ క్రితం జూన్‌లో కెనడా వచ్చాను. ఈసారి మనవరాలి పోరు పడలేక డిసెంబర్‌లో ఒట్టావాలో దిగాను. రెండు కాలాలూ చూశాను కాబట్టి చెబుతున్నాను, ఓపిక ఉన్నవాళ్ళు చలికాలంలోనే రండి.

జూన్‌లో రాత్రి తొమ్మిదైనా వెలుతురు పోదు. అబ్బాయి, కోడలు ఆఫీసు నుంచి వస్తూనే పిల్లని ఈతకీ ఆటలకీ తీసుకుపోయేవారు. ఇంటికి కాపలా నేను. డిసెంబర్‌లో నాలుగున్నరకల్లా చీకటి పడిపోతుంది. ఇంక అందరం వంటింట్లోనే. ఒకరు ఉల్లిపాయలు తరుగుతూ, ఒకరు కబుర్లు చెబుతూ. కొడుకుతో ఇన్ని మాటలు మాట్లాడి ఎన్నేళ్ళయిందో!

సంక్రాంతికి గుమ్మం ముందు ముగ్గు వేద్దామని పిండి పట్టుకుని బయటికి వెళ్ళాక తెలిసింది, మంచు మీద తెల్ల ముగ్గు కనపడదని. పసుపుతో వేశాను. మనవరాలు మంచుతోనే గొబ్బెమ్మలు చేసి, కొట్లో కొన్న చామంతులు గుచ్చింది. రేగుపళ్ళు దొరకలేదు, భోగిపళ్ళలో ఎర్రటి క్రాన్‌బెర్రీలు కలిపి పోశాం. క్రిస్మస్‌కి బిస్కెట్లు తెచ్చిచ్చిన పక్కింటావిడకి అరిసెలు పంపితే, ఎలా చేస్తారో చూస్తానని మర్నాడు వచ్చి పొయ్యి దగ్గర నిలబడింది.

అన్నిటికన్నా నా మనసు దోచింది రిడో కాలువ. మాది పాలకొల్లు. కాలువలూ లాకులూ చూస్తూ పెరిగినదాన్ని. ఇదీ లాకుల కాలువే. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి కావడానికి ఇరవై ఏళ్ళ ముందు, 1832లో పడవల కోసం తెరిచారట. మన డెల్టాలో వేసవికి కాలువలు కట్టేసినట్టు ఇక్కడ చలి మొదలవకముందే నీటిమట్టం తగ్గిస్తారు. మిగిలిన నీళ్ళు గడ్డకట్టాక ఊరి నడుమ 7.8 కిలోమీటర్ల మేర జనం స్కేట్లు కట్టుకుని తిరుగుతారు. టికెట్ లేదు. మంచు గట్టిపడిందో లేదో రోజూ చూసి, ఎర్రజెండా ఉంటే ఎవరినీ దిగనివ్వరు.

ఫిబ్రవరిలో వింటర్‌లూడ్ అనే పండగ. 1979 నుంచీ జరుపుతున్నారు. మేం వెళ్ళిన రోజు చలి మైనస్ 18 డిగ్రీలు. నన్ను చక్రాల్లేని బండిలో కూర్చోబెట్టి అబ్బాయి వెనకనుంచి తోస్తున్నాడు. మనవరాలు ముందు జారుతూ "మామ్మా, భయమేస్తోందా?" అని మాటిమాటికీ వెనక్కి తిరుగుతోంది. చిన్నప్పుడు వాణ్ణి సైకిలు ముందు కూర్చోబెట్టుకుని కాలువగట్టు మీద బడికి తీసుకెళ్ళేదాన్ని. అది గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. ఒడ్డున మేపుల్ చెట్ల రసంతో పాకం కాచి మంచు మీద పోసి పుల్లకి చుట్టి ఇచ్చారు. మన తిరణాల జీళ్ళే! అరిసెల పాకం నీళ్ళలో వేసి చూస్తామే, ఇక్కడ ఆ పని మంచు చేస్తోంది.

భయపడవలసినవీ ఉన్నాయి. జారిపడితే ఎముకలు విరుగుతాయి, బూట్లకింద తొడిగే ముళ్ళపట్టీలు తప్పకుండా కొనుక్కోండి. ఆరోగ్య బీమా లేకుండా విమానం ఎక్కొద్దు. ఒకే లావుపాటి కోటు కన్నా పలచటివి మూడు ఒకదాని మీద ఒకటి వేసుకుంటే వెచ్చగా ఉంటుంది.

ఎప్పుడో వెళ్దాంలే అని వాయిదా మాత్రం వేయకండి. 2023లో చలి చాలక ఈ కాలువ స్కేటింగుకి అసలు తెరవలేదు. మొదలుపెట్టిన యాభై ఏళ్ళలో అలా జరగడం అదే మొదలట. ఆ మరుసటేడు కూడా కొద్ది రోజులే తెరిచారు.

నిన్న మా అబ్బాయి గుమ్మం ముందు మంచు తవ్వుతూ కేకేశాడు. వెళ్ళి చూస్తే పార కింద సంక్రాంతి ముగ్గు పసుపు అలాగే ఉంది.

– విశ్రాంత ఉపాధ్యాయురాలు, పాలకొల్లు (ప్రస్తుతం ఒట్టావా)