మా అమ్మ పెన్షన్ వచ్చింది: ఆ బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరికీ దండాలు

మొన్న శనివారం పొద్దున్నే అమ్మ ఫోన్ చేసి, "అమ్మాయ్, ఏదో మెసేజ్ వచ్చింది, డబ్బులు పడ్డట్టుంది, నువ్వోసారి చూడు" అంది. పక్కింటి కుర్రాడి చేత ఫోటో తీయించి పంపింది. చూశాను. నాన్న పోయిన ఇరవై రెండు నెలలకి అమ్మ ఖాతాలో ఫ్యామిలీ పెన్షన్ పడింది, పాత బకాయితో సహా. అమ్మతో చెప్తే "ఆయ్, సరే" అని పెట్టేసింది. పది నిమిషాల తర్వాత మళ్లీ చేసి ఏడ్చింది.

ఇందుకు కారణమైన ఇద్దరికీ నలుగురిలో కృతజ్ఞతలు చెప్పాలని ఇది రాస్తున్నాను. పేర్లు రాయొద్దని ఇద్దరూ గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు. ఒకరు ప్లీడరు గారు, చిన్నమ్మాయి, ముప్పై కూడా ఉండవేమో. ఇంకొకరు ఆర్మీలో పనిచేసి వచ్చిన పెద్దాయన. కాకినాడలో సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్తే, అక్కడ న్యాయ సహాయం కోసం వేసిన బల్ల దగ్గర కనిపిస్తారు.

అసలు సంగతి చెప్తాను. మాది కోనసీమ, ముమ్మిడివరం దగ్గర పల్లె. నాన్న 1974లో ఆర్మీలో చేరి, వెహికల్ మెకానిక్‌గా చేసి, 1998లో హవల్దారుగా రిటైరయ్యారు. పెళ్లయిన కొత్తలో యూనిట్‌లో అమ్మ పేరు రాయించినప్పుడు ముందు "వెంకట" అని చేర్చారు. మా ఇళ్లల్లో అది మామూలే, సగం పేర్లకి ముందు వెంకటో సత్యనో ఉంటుంది, ఎవరూ పిలవరు. ఆధార్‌లో ఆ వెంకట లేదు. పుట్టిన తేదీ ఇంకో గొడవ. ఆర్మీ కాగితాల్లో 1962 అని ఉంటే ఆధార్‌లో 01-01-1958 అని ఉంది. ఆధార్ తీసే రోజుల్లో తేదీ తెలీదన్నవాళ్లందరికీ జనవరి ఒకటే వేశారు కదా. ఆ లెక్కన మా వీధిలో సగం మంది ఆడవాళ్లు ఒకేరోజు పుట్టారు.

నాన్న ఉన్నంతకాలం దాని గురించి ఎవరూ అడగలేదు. పోయాక బ్యాంకులో చెప్పాం, ఆయన పెన్షన్ ఆగింది. అమ్మ పేరున దరఖాస్తు పెడితే తిరిగొచ్చింది. పేరు కలవలేదు, తేదీ కలవలేదు. ఒక చోట ఆర్మీ రికార్డ్ ఆఫీసుకి రాయమన్నారు. అక్కడికి రాస్తే ముందు ఆధార్ సరిచేయించుకు రమ్మన్నారు. ఆధార్ దగ్గర పుట్టిన తేదీకి రుజువు అడిగారు. అమ్మ ఐదో తరగతి దాకా చదివింది గానీ, ఆ బడి రిజిస్టర్లు 1996 నవంబరు తుపానులో నానిపోయాయి. ఆ తుపానుకి మా అరెకరంలో నిలబడ్డ కొబ్బరిచెట్లు ఎన్నో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, రిజిస్టర్ల మాట ఎవరికి పట్టింది? సరే, బడి కాగితం లేదంటే నోటరీ దగ్గరికెళ్లమన్నారు. నోటరీ కాగితం తీసుకెళ్తే ఇది చెల్లదన్నారు. ఎవరి మీదా కోపంతో చెప్పడం లేదు. ఎవరికి వాళ్లు తమ ముందున్న కాగితం వరకే చూశారు. మధ్యలో ఒకాయన "నేను చూసుకుంటానండి, ఢిల్లీలో మనవాళ్లున్నారు" అని ఎనిమిది వేలు తీసుకున్నాడు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. అది మా తెలివితక్కువతనం.

ఆ ఇరవై రెండు నెలలూ అమ్మ కొబ్బరికాయల మీదే బతికింది. దింపు కూలీ, ఒలుపు కూలీ పోను మిగిలేది ఎంతో కోనసీమవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. నేను పంపిస్తే తీసుకునేది కాదు. "మీ నాన్న నాకు రాసిచ్చింది ఉండగా నీ దగ్గర ఎందుకు?" అనేది.

నాన్న ఫోన్ నంబరు నేను తీసేయలేదు. ఆయన రిటైర్డ్ స్నేహితుల వాట్సాప్ గ్రూపు ఇంకా అందులోనే ఉంది. దసరా ముందు అందులో ఎవరో పెట్టారు, సైనిక సంక్షేమ కార్యాలయంలోనే ఇప్పుడు ప్లీడరు కూర్చుంటున్నారు, డబ్బు కట్టక్కర్లేదు అని. నమ్మకం లేకుండానే బయల్దేరాం. ఎదుర్లంక వంతెన మీద బస్సు వెళ్తుంటే అమ్మ గోదావరికి దండం పెట్టి రూపాయి విసరబోయింది, కిటికీ అద్దం బిగుసుకుపోయి రాలేదు. యానాం దాటాక ఆ రూపాయి మళ్లీ కొంగులో కట్టుకుంది.

అక్కడ బల్ల వెనక పెద్దాయన ఉన్నారు. తెల్ల చొక్కా, అద్దంలా మెరిసే బూట్లు. అమ్మని చూడగానే లేచి నిలబడి, "రండి వదినగారూ, సారుది ఏ యూనిట్?" అన్నారు. తర్వాత నంబరు అడిగారు. నేను ఫైల్లో వెతుకుతున్నాను. అమ్మకి తన ఆధార్ నంబరులో ఒక్క అంకె గుర్తుండదు. నాన్న ఆర్మీ నంబరు మాత్రం చివర ఇంగ్లీషు అక్షరంతో సహా గడగడా చెప్పేసింది. ఏళ్ల తరబడి ఉత్తరాల మీద రాసిన నంబరు కదా. ఆయన పెన్ను ఆపి ఓసారి అమ్మ వైపు చూశారు.

ప్లీడరు గారు మా ట్రంకుపెట్టెలోంచి తెచ్చిన కాగితాలన్నీ బల్ల మీద పరిచి, తేదీల వరసలో పెట్టుకుని, గంటన్నర చదివారు. ఇన్నాళ్లలో మా కాగితాలు మొత్తం చదివిన మొదటి మనిషి ఆమే. చదువుతూ చదువుతూ పెన్షన్ కాగితాల నకలు ఒకటి బయటికి తీశారు. రిటైరయ్యేటప్పుడు నాన్నా అమ్మా కలిసి దిగిన జాయింట్ ఫోటో దానికి అంటించి ఉంది, మీద ఆఫీసరు సంతకం, గుండ్రటి స్టాంపు. కింద "వెంకట"తో అమ్మ పేరు. "ఇది ఇన్నాళ్లూ ఎవరికీ చూపించలేదా?" అన్నారు. ఎవరూ అడగలేదు మేడమ్ అన్నాను. స్టాంపు సగం నాన్న భుజం మీద, సగం అమ్మ చీర అంచు మీద పడింది. ఆ చీర ఇంకా బీరువాలో ఉంది.

ఆ ఫోటో ఆధారంగా పని మొదలైంది. రెండు పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్, తహసీల్దార్ దగ్గర కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, యూనిట్‌లో పెళ్లి నమోదు చేసిన ఆర్మీ కాగితం (పార్ట్ టూ ఆర్డర్ అంటారు) వివరం, అన్నీ జతచేసి ఆమే అర్జీ రాశారు. మూడు పేజీలు. బతిమాలుకున్నట్టు ఒక్క ముక్క లేదు. ఫలానా తేదీన ఇది జరిగింది, ఇదిగో కాగితం, కాబట్టి ఇది చెయ్యండి. మేము అంతకుముందు రాసిన ఉత్తరాలన్నీ "దయచేసి మా యందు కరుణించి" అని మొదలయ్యేవి.

అమ్మకి అర్థమయ్యేలా ఆమె చెప్పిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను, మనలాంటి వాళ్లకి పనికొస్తాయి. సైనికుల సర్వీసు, పెన్షన్ గొడవలకి విడిగా సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. చట్టం 2007లో వచ్చింది, ట్రిబ్యునల్ 2009లో మొదలైంది. ఆంధ్రకి చెన్నై బెంచి. ముందు అర్జీ పెట్టుకోవాలి. ఆర్నెల్లలో తేల్చకపోతే, తేల్చలేదన్న కారణం మీదే అక్కడికి వెళ్లొచ్చు. భార్యగా అమ్మ కూడా కేసు వెయ్యొచ్చు. ఇంకోటి, ఉచిత న్యాయ సహాయం 1987 చట్టంలోనే ఉంది. ఆడవాళ్లకైతే ఆదాయంతో పని లేకుండా ఇస్తారు. అంటే ఆ ఎనిమిది వేలు పోగొట్టుకున్న రోజు కూడా అమ్మకి ఆ హక్కుంది. చెప్పినవాళ్లు లేరు.

సైనిక్ బోర్డుల్లో, అంటే ఈ సైనిక సంక్షేమ కార్యాలయాల్లో, ఈ బల్ల వెయ్యడానికి కారణం జాతీయ న్యాయ సేవాధికార సంస్థ తెచ్చిన వీర్ పరివార్ సహాయతా యోజన. 2025 జులై 26న, కార్గిల్ విజయ్ దివస్ రోజున, శ్రీనగర్‌లో అప్పటికి సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉన్న జస్టిస్ సూర్యకాంత్ ప్రారంభించారు. సర్వీసులో ఉన్నవాళ్లకీ, రిటైరైనవాళ్లకీ, వాళ్ల కుటుంబాలకీ వర్తిస్తుంది. పారా లీగల్ వాలంటీర్లుగా, అంటే ప్లీడరు కాకపోయినా న్యాయ సహాయం పనిలో తోడుండేవాళ్లుగా, మాజీ సైనికుల్నే తీసుకోవచ్చన్నది అందులో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి. మా పెద్దాయన అలా వచ్చినవారే. రిటైరయ్యేటప్పుడు ఇచ్చే డిస్చార్జి బుక్కులో ఏ పేజీలో ఏముంటుందో ఆయనకి చూడకుండా తెలుసు.

మేం కూర్చున్నంతసేపూ వరసలో మనుషులు వస్తూనే ఉన్నారు. అంతర్వేది వైపు నుంచి వచ్చిన ఒకావిడ కొడుకు లేహ్‌లో ఉన్నాడు, ఇక్కడ చేను గట్టు మీద దావా నడుస్తోంది. ప్రత్యేక పరిస్థితుల్లో డ్యూటీ చేస్తున్న సైనికుడు రాలేనప్పుడు కేసు నిలిపి ఉంచడానికి 1925 నాటి చట్టమే ఒకటుందట. వందేళ్ల చట్టం! ఇంకో సుబేదారు గారికి చెవులు దెబ్బతిన్నాయి, వైకల్యం 20 శాతం అని రాశారు. వైకల్య పెన్షన్ కోసం 20 శాతాన్ని 50గా లెక్కగట్టే విషయంలో రామ్ అవతార్ కేసులో 2014లో సుప్రీంకోర్టు చెప్పిందని ప్లీడరు గారు ఆయన చెవి దగ్గరికి వంగి, గట్టిగా, రెండుసార్లు చెప్పారు. ఆయన మూడోసారి కూడా అడిగారు. మళ్లీ చెప్పారు.

నాకు అనిపించింది ఒకటి చెప్తాను, తప్పయితే పెద్దలు క్షమించాలి. కేసు వేస్తే ప్రభుత్వం తరఫున వాదించడానికి ప్లీడరు ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు. మాజీ సైనికుడి తరఫున అలా జీతం మీద, రోజూ, అదే పనిగా ఉండే ఆఫీసు ఒకటి ఎందుకు ఉండకూడదు? సంక్షేమ కార్యాలయంవాళ్లు మంచివాళ్లే, ఫారాలు ఇస్తారు, ఎక్కడికెళ్లాలో చెప్తారు. కానీ ఇంకో ఆఫీసుకి ఎదురు నిలబడి "మీరు చేసింది తప్పు" అని రాయడం వాళ్ల పని కాదు. ఈ బల్ల ఆ పని చేసింది. మేం వెళ్లినప్పుడు అది వారంలో కొన్ని రోజులే ఉంది. సఖినేటిపల్లి నుంచో రాజోలు నుంచో వచ్చినవాడు, ప్లీడరు రాని రోజైతే ఛార్జీలు దండగ చేసుకుని వెనక్కి పోవాల్సిందే. కేసు చెన్నై దాకా వెళ్తే ఆ ముసలాళ్ల వెంట ఎవరు వెళ్తారో నాకు తెలీదు. గోదావరి జిల్లాల్లో ఆర్మీ ఇళ్లు తక్కువేం కాదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలటరీ మాధవరం అనే పిలుస్తారు, మొదటి ప్రపంచ యుద్ధానికే ఆ ఊరి నుంచి 90 మంది వెళ్లారు. ఇక్కడ రోజూ తెరిచి ఉండే న్యాయ విభాగం ఒకటి శాశ్వతంగా పెడితే ఖాళీగా ఉండదు.

మా విషయంలో ట్రిబ్యునల్ దాకా వెళ్లాల్సిన పని పడలేదు. అర్జీ పెట్టిన నాలుగో నెలలో పేరు సరిచేసినట్టు ఉత్తరం వచ్చింది, ఆ తర్వాత డబ్బు. మధ్యలో పెద్దాయన నాలుగైదుసార్లు ఆయనే ఫోన్ చేశారు, "వదినగారికి బీపీ మాత్రలు ఉన్నాయా?" అని కూడా. విచారణకి ఎండలో మా ఇంటికొచ్చిన వీఆర్వో గారికీ, బ్యాంకులో అమ్మ చేత ఓపిగ్గా ఫారం నింపించిన మేడమ్‌కీ కూడా థాంక్స్.

డబ్బు పడ్డాక అమ్మ ఒక సంచీ కొబ్బరికాయలు పట్టుకుని కాకినాడ బయల్దేరింది. ప్లీడరు గారు తీసుకోనన్నారు, ఫీజు కింద ఏదీ తీసుకోకూడదట. అమ్మ వినే మనిషి కాదు. "ఇది ఫీజు కాదమ్మా, చెట్టుది" అంది. చివరికి పెద్దాయన మధ్యలో పడి, ఒక్క కాయ ఉంచి మిగతావి వెనక్కి పంపారు. ఆ ఒక్కటి అక్కడే కొట్టి, వరసలో కూర్చున్నవాళ్లందరికీ తలో ముక్క పెట్టారు.

ఇది చదువుతున్న మాజీ సైనికుల ఇళ్లల్లో ఎవరైనా ఉంటే, నాన్నగారు బాగున్నప్పుడే పీపీవో (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) తీసి అమ్మ పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో కలిశాయో లేదో చూసుకోండి. కలవకపోతే ఆయన ఉండగానే సంతకం పెట్టించి సరిచేయించండి. జాయింట్ ఫోటో ఉన్న కాగితం పారేయకండి. దగ్గర్లో ఇలాంటి బల్ల ఉందో లేదో తెలీకపోతే 15100కి ఫోన్ చేసి అడగండి, అది న్యాయ సహాయం నంబరు, ఉచితం.

– ఒక హవల్దారు గారి కూతురు, కోనసీమ