నాబోతు తోట గురించి రెవెన్యూ మంత్రులకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల రెవెన్యూ మంత్రులకు నమస్కారం.

భూసేకరణ దస్త్రాలు మీ శాఖలోనే కదులుతాయి. అందుకే బైబిలులో మొదటి రాజుల గ్రంథం 21వ అధ్యాయంలో ఉన్న ఒక భూవివాదాన్ని మీ దృష్టికి తెస్తున్నాను.

ఇశ్రాయేలు రాజు అహాబు యెజ్రెయేలులో తన రాజభవనాన్ని ఆనుకుని ఉన్న నాబోతు ద్రాక్షతోటను కూరతోట కోసం అడిగాడు. బదులుగా ఇంతకంటే మంచి తోట, లేదా తగిన వెల ఇస్తానన్నాడు. బేరం వరకు తప్పు పట్టలేం. నాబోతు మాత్రం పితరుల స్వాస్థ్యం, అంటే వారసత్వంగా వచ్చిన భూమి, ఇవ్వనన్నాడు. వారి ధర్మశాస్త్రం ప్రకారం భూమిని శాశ్వతంగా అమ్మకూడదు. అది వంశానికి చెందినది. రాజు భోజనం మానేసి ముఖం తిప్పుకుని పడుకున్నాడు.

ఇక ఆ తర్వాతి పనులన్నీ పద్ధతి ప్రకారమే నడిచాయి. రాణి యెజెబెలు రాజు పేరుతో తాకీదులు రాసి, రాజముద్ర వేసి ఊరి పెద్దలకు పంపింది. పెద్దలు ఉపవాసం చాటించి సభ కూర్చారు. ఇద్దరు దొంగసాక్షులు వచ్చి, నాబోతు దేవుణ్ణీ రాజునూ దూషించాడని చెప్పారు. అతన్ని ఊరి వెలుపల రాళ్లతో కొట్టి చంపారు. ఆ పెద్దల్లో ఒక్కరైనా అడ్డు చెప్పినట్టు గ్రంథంలో లేదు. ఎన్నిసార్లు చదివినా నన్ను ఎక్కువగా బాధించేది ఆ మౌనమే.

తోటను స్వాధీనం చేసుకోవడానికి వెళ్లిన అహాబును అక్కడే ప్రవక్త ఏలీయా నిలదీశాడు: చంపి, ఆస్తి కూడా తీసుకున్నావా? తాకీదు రాసినది రాణి, రాళ్లు విసిరినది ఊరివాళ్లు. అయినా మొదటి జవాబు రాజే చెప్పాల్సి వచ్చింది. ముద్ర అతనిది, లాభం అతనిది. తర్వాతి కాలంలో మీకా అనే ప్రవక్త పొలాలను ఆశించి లాక్కునేవారిని గద్దించాడు. మరో ప్రవక్త యెషయా అన్యాయపు శాసనాలు చేసేవారితోపాటు వాటిని రాసిపెట్టేవారినీ వదల్లేదు.

మిమ్మల్ని అహాబుతో పోల్చడం నా ఉద్దేశం కాదు. కానీ 2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనానూ బహిరంగ విచారణనూ తప్పనిసరి చేస్తే, మన రెండు రాష్ట్రాలూ సవరణలు తెచ్చి కొన్ని రకాల ప్రాజెక్టులకు వాటి నుంచి మినహాయింపు ఇచ్చే వీలు పెట్టుకున్నాయి. భూమి ఇవ్వనన్న మనిషి తన కారణం చెప్పుకునే చోటే అలా మూసుకుపోతుంది. ఆ మినహాయింపును వాడకండి. ఇవ్వనన్న ప్రతి కుటుంబం మాటనూ ఊరందరి ముందు విని, దస్త్రంలో రాయించి, దాన్ని మీరు స్వయంగా చదివిన తర్వాతే ముందుకు పంపండి.

ఇట్లు,
రైతు కుటుంబంలో పుట్టిన ఒక బైబిలు పాఠకుడు